నాకు పథ్యం పెట్టిన రేపల్లె మామ్మ

మామ్మ పోయిందని చెప్పడానికి ఫోన్ చేసిన ఆమె కోడలు ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నవ్వేసింది. పోయిన రోజు పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని కోడల్ని, పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడని కొడుకుని, మోకాళ్ళ నొప్పి సంగతి ఎన్నాళ్ళకీ తేల్చడం లేదని దేవుణ్ణి వరసగా తిట్టి, ప్లేటు పక్కన పెట్టి, గోడకి జారగిలబడి అలాగే ఉండిపోయిందట. "ఉప్పు డబ్బా తెచ్చేలోపే అయిపోయిందండి," అంది కోడలు. "తెచ్చి వేసుంటే ఎక్కువైందని తిట్టేదండి." ఆ నవ్వు నాకూ అంటుకుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

సమాధికి రేపల్లె వెళ్ళాను. "మన సహోదరి మృదుస్వభావి, మితభాషి" అని పాస్టరుగారు మొదలుపెట్టగానే వెనక వరసల్లో దగ్గులు వినిపించాయి. ఆ దగ్గినవాళ్ళంతా ఆడవాళ్ళు, చాలామంది చంకల్లో పిల్లలున్నారు. కాన్పయిన ఇళ్ళకి వెళ్ళి, నెలరోజులు అక్కడే ఉండి, బాలింతకు పథ్యం వండిపెట్టి, స్నానాలు చేయించి, పసిపిల్లకు నూనె రుద్దడం మామ్మ పని. ఆవిడ చేతి పథ్యం తిన్నవాళ్ళూ, ఆవిడ నోటి తిట్లు తిన్నవాళ్ళూ వాళ్ళే. వాళ్ళ మధ్యలో గడ్డం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ ఆ పథ్యం తిన్నవాణ్ణే.

మామ్మ పేరు ఇక్కడ రాయను. నాకు ఆవిడ పేరు సమాధి దగ్గరే తెలిసింది. నా ఫోన్‌లో ఆవిడ ఇప్పటికీ 'రేపల్లె మామ్మ' అనే ఉంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. పుట్టినప్పుడు నన్ను ఆడపిల్లన్నారు. కాదని నాకు ఆరో క్లాసులోనే తెలుసు, మిగతా అందరికీ చెప్పుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంజెక్షన్లతో గొంతు మారింది, గడ్డం వచ్చింది. ఛాతీ మాత్రం మాట వినలేదు. దాన్ని బిగుతు బనీనులో కుక్కుకుని, దుగ్గిరాల పసుపు యార్డులో నడివేసవి ఎండల్లో బస్తాలు తూకం వేయించేవాణ్ణి. సాయంత్రం తెనాలిలో నా అద్దె గదికి వచ్చి ఆ బనీను విప్పితే, పక్కటెముకల మీద చారలు పొద్దున్నకి గానీ పోయేవి కావు. ఇక పడలేక బెజవాడలో ఒక డాక్టరు దగ్గర ఛాతీ ఆపరేషనుకి తేదీ తీసుకున్నాను.

అమ్మకి చెప్పాను. నాన్న పోయాక నాకున్నది అమ్మ ఒక్కతే. బాపట్లలో టీచరుగా చేసి రిటైరైంది. నా గొంతునీ గడ్డాన్నీ ఎలాగో ఓర్చుకుంది గానీ, కోత అనేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచే అంది, "అది చేయించుకుంటే ఇక ఈ ఇంటికి రావద్దు. నేను చూడలేను." నేనూ మొండివాణ్ణే, సరేనని బస్సెక్కేశాను. బస్సు పొన్నూరు దాటేసరికి నాకు భయం పట్టుకుంది. ఆపరేషను గురించి కాదు, అమ్మ నిజంగానే అన్నదేమోనని.

ఆపరేషన్ తర్వాత మూడు వారాలు చేతులు భుజాల పైకి ఎత్తకూడదు, బరువు పట్టకూడదు, ఒక మనిషి తోడుండాలి అన్నారు. యార్డులో నా సంగతంతా తెలిసిన స్నేహితుడు ఒకడున్నాడు. మనిషిని నేను చూస్తానన్నాడు. వాళ్ళావిడ రెండు కాన్పులూ మామ్మే చూసింది. వాడికి తెలిసిన మనిషి ఆవిడే. ఇంకేం ఆలోచించలేదు మహానుభావుడు.

ఆపరేషన్‌కి ఇంకా వారం ఉందనగా మామ్మ దిగింది. పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు, చేతిలో తనకంటే బరువైన సంచి. నా వెనక గదిలోకి తొంగిచూసి, "బాలింత ఎక్కడయ్యా?" అంది.

"నేనే మామ్మా," అన్నాను.

నా గడ్డం వంక చూసింది. తర్వాత నా పొట్ట వంక చూసింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ సంచిలోంచి డబ్బాలు తీసి వరసగా పెట్టుకుంటూనే ఉంది. నేను ఆపగానే, "తీయించుకుంటే తీయించుకో. నావైతే బొడ్డు దాకా దిగిపోయాయి, ఎవడైనా తీస్తానంటే నేనూ వద్దును," అంది. "డేట్ ఎప్పుడిచ్చారు?"

చెప్పాను.

"అదీ. నెలలు నిండాక పరిగెత్తుకు రమ్మంటే నాకు కుదరదు. ముందే ఉండాలి."

ఆవిడకి నా సంగతి అర్థమైందా అంటే, కాలేదనే అనుకుంటాను. అర్థం కాకపోతే పని చెయ్యకూడదని ఆవిడకెవరూ చెప్పలేదు. రెండో రోజు, "కింద సంగతేంటి మరి?" అని అడిగింది. అది నీ డ్యూటీలోకి రాదు మామ్మా అన్నాను. "అడిగితే అరిగిపోతావా? చెప్పకపోతే మానె," అని బియ్యం ఏరుకుంది. నాకు మతిస్థిమితం బాగానే ఉందని ఆపరేషన్ కోసం ఒక మానసిక వైద్యుడు రాసిచ్చిన కాగితం చూసి మాత్రం చాలా ముచ్చటపడింది. "నాకూ ఒకటి రాయించి పెట్టవయ్యా, మా కోడలికి చూపించాలి," అంది.

ఆ వారంలో ఒకరోజు నాకు ట్రైనింగ్ ఇచ్చింది. తన పాత చీర అంచు చింపి, నా మోచేతులు రెండూ ఒంటికి ఆనించి కట్టేసింది. "ఇక సాయంత్రం దాకా బతుకు చూద్దాం." మంచినీళ్ళ గ్లాసు అందలేదు. టీషర్టు విప్పుకోవడం కుదరలేదు. తల దువ్వుకోబోతే దువ్వెన వీపు మీద పడింది. బాత్రూంలో పడ్డ పాట్లు చెప్పను. నేను ఎక్కడెక్కడ ఆగిపోతే అక్కడ ఆవిడ పనికి దిగింది. అటకమీదవీ అలమరలవీ అన్నీ నడుము ఎత్తుకి దించింది. టీషర్టులన్నీ కట్టి మూల పడేసి, ముందు గుండీలున్న చొక్కాలు కొనిపించింది, ప్యాంట్ల బదులు లుంగీలు. కుర్చీకి మూడు దిళ్ళు కట్టి వాలుపడక చేసింది. హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన సూచనల కాగితంలో ఇందులో సగం కూడా లేవు.

ఇంటి ఓనరుగారి భార్య మెట్లెక్కి వచ్చింది. "ఏం ఆపరేషనండీ మామ్మగారూ, మాకేం చెప్పనేలేదు?" మామ్మ ఆవిణ్ణి ఎంతో ప్రేమగా పలకరించింది. "అది సరేగానీ, మీ మొలలు ఎలా ఉన్నాయండీ ఇప్పుడు? మందు పనిచేసిందాండీ?" కింద ఇద్దరు మగవాళ్ళు నీళ్ళ ట్యాంకు బాగు చేస్తున్నారు. ఓనరుగారి భార్య మళ్ళీ మెట్లెక్కలేదు. ఆవిడకి మొలలున్నాయని ఎలా తెలిసింది మామ్మా అని అడిగితే, "కూర్చునే తీరు చూడలా?" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ వచ్చేసరికి ఛాతీ చుట్టూ గట్టి పట్టీ, రెండు పక్కలా సన్నటి గొట్టాలు, వాటి చివర చిన్న ప్లాస్టిక్ సీసాలు. లోపల ఊరే నీరు వాటిలోకి దిగుతుంది. నేను కళ్ళు తెరిచి మొదట చూసింది మామ్మ బొటనవేలు. జ్వరం చూడాలంటే ఆవిడ బొటనవేలు నా నుదుటి మీద ఒకసారి, తన నుదుటి మీద ఒకసారి నొక్కి పోల్చుకుంటుంది. థర్మామీటరు తెచ్చిన నర్సుతో, "రాసుకో తల్లీ, నాకంటే కొంచెం వెచ్చన," అంది.

తెనాలికి తీసుకొచ్చాక అసలు కథ మొదలైంది. ఆవిడకి వచ్చింది ఒకటే వైద్యం, బాలింత వైద్యం. దాంట్లోంచి ఒక్క అక్షరం తగ్గించనంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, వంకాయ బంద్, గోంగూర బంద్. ఎర్రటి ఎండలో ఫ్యాను బంద్ అన్నప్పుడు ఎదురు తిరిగాను. "నేను పిల్లని కనలేదు మామ్మా!"

"ఎవరు కన్నావన్నారు? కోశారా లేదా? కుట్టారా లేదా? కుట్టు కుట్టే. కుట్టేదాకా డాక్టరు, కుట్టినాక నేను."

ఫ్యాను మాత్రం ఒకటో నెంబరులో తిరగనిచ్చింది. రోజూ పొద్దున్నే సీసాలు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసేది. "నిన్న మా గుళ్ళో ప్రభు సంస్కారానికిచ్చే ద్రాక్షరసంలా ఉంది. ఇవాళ నిమ్మకాయ నీళ్ళలోకి దిగింది. ప్రభువుకి స్తోత్రం." నేను తింటున్నప్పుడే ఈ స్తోత్రం జరిగేది.

ఏడో రోజు గొట్టాలు తీయించడానికి బెజవాడ వెళ్ళాం. ఆవిడ డాక్టరుని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసింది. వంకాయ పెట్టొచ్చా, చేపలు పెట్టొచ్చా, పదకొండో రోజు తలకి పోయొచ్చా? అన్నీ తినొచ్చు, తలస్నానానికి మాత్రం మూడు వారాలు ఆగండి అన్నాడాయన. ఆటో ఎక్కాక, "అన్నీ తినొచ్చనేవాడు డాక్టరేంటయ్యా?" అంది. ఆయన మీద ఆవిడకి గౌరవం పోయింది. కానీ మూడు వారాల మాట మాత్రం పట్టుకుంది. "పదకొండో రోజు పోతే పోయింది. ఇరవై ఒకటో రోజు పోస్తాను."

ఆ మధ్యాహ్నం గదికి వచ్చాక నాకేమైందో తెలియదు. నొప్పి తగ్గుముఖం పట్టింది, గొట్టాలు పోయాయి, నేను ఇరవై ఏళ్ళు కోరుకున్నది అయిపోయింది. ఆనందంగా ఉండాల్సినవాణ్ణి, మామ్మ కొంగు పట్టుకుని పసివాడిలా ఏడవడం మొదలుపెట్టాను. "మా అమ్మని పిలు మామ్మా," అన్నాను. ఆవిడ ఫోన్ కోసం లేచేలోపే, "వద్దులే. రాదు," అన్నాను. మామ్మ వచ్చిన రోజున అమ్మ నెంబరడిగితే ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చేశాను.

మామ్మకి ఒక పద్ధతుంది. ఏ ఇంట్లో పనిచేస్తున్నా బాలింత తల్లికి సాయంత్రం ఆరింటికి కబురు చెప్పాలి. ఆ సాయంత్రమే స్పీకరు పెట్టి మొదలెట్టింది.

"అమ్మగారూ, నేను మీ పిల్లోణ్ణి చూసుకునే మనిషినండి. కులాసానండి. పొద్దున ఇడ్లీ మూడు. మధ్యాహ్నం అన్నం, బీరకాయ. నిద్ర పట్టింది. విరేచనం సాఫీగా అయిందండి. ఉంటానండి."

నేను దిండులో మొహం దాచుకున్నాను. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను మాత్రం కట్ చెయ్యలేదు. మా ఇంటి హాల్లో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు వినిపించింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజూ మామ్మ నా విరేచనంతో సహా వార్తలు చదివేది, రోజూ అవతల ఫ్యాను తిరిగేది. "మీ అమ్మ గట్టిదే," అనేది మామ్మ. నాకు ఆరు గంటలంటే భయం పట్టుకుంది. అమ్మ ఎత్తుతున్నందుకు ఆశ, మాట్లాడనందుకు కోపం. ఇక ఆ ఫోను చెయ్యొద్దని కూడా అన్నాను. "నీ తల్లితో నేను మాట్లాడుకుంటాను, నీకెందుకు?" అంది.

పదిహేనో రోజున మామ్మ కొడుకు రేపల్లె నుంచి పాలసొర తెచ్చిచ్చాడు. సముద్రపు చేప. బాలింతలకి పాలు పడాలని మా వైపు తప్పకుండా పెడతారు. నేను లేచి కూర్చున్నాను.

"మామ్మా! అది పాలు పడటానికి కదా!"

"ఆఁ."

"అవి తీయించుకోవడానికే కదా నేను బెజవాడ వెళ్ళింది!"

"పడటానికి చోటు లేకపోతే ఆ బలం కుట్టుకి పోతుంది. తిను."

నాకు సొర పడదు మామ్మా, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి అని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం గరిటె ఆపి నా వంక చూసింది. నాకు గుడ్డు వేసిచ్చి, చేప అంతా ఉడికించి, పొడిపొడిగా పుట్టు చేసుకుని తనే తినేసింది. ఆరింటికి ఫోన్ తీసింది.

"అమ్మగారూ, కులాసానండి. ఇవాళ సొర పుట్టు చేశానండి. మీ పిల్లోడు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడండి."

అవతల కుర్చీ జరిగింది. "సొర పెట్టారా?" అంది అమ్మ. నెలన్నర తర్వాత నేను విన్న మొదటి మాట అది. "ఎవరు పెట్టమన్నారండీ? ఆ ఒంటికి పడదు! చిన్నప్పుడు సూర్యలంకలో తినిపించి మూడు రోజులు హాస్పిటల్లో కూర్చున్నాం. ఇంకెప్పుడూ పెట్టకండి!"

"అయ్యో, తెలీదండి. పెట్టనండి," అంది మామ్మ, బుద్ధిమంతురాలిలా. ఫోన్ పెట్టేసి బైబిలు మీద పెట్టి, దాని మీద రెండు చేతులూ వేసింది.

"అబద్ధమాడావు కదా మామ్మా," అన్నాను.

"ఆడాను. ఆదివారం ఒప్పుకుంటాలే."

మర్నాడు ఆరు కాకముందే ఫోన్ మోగింది. దద్దుర్లు వచ్చాయా అని అమ్మ. రాలేదని మామ్మ. అక్కడితో అమ్మ పెట్టెయ్యలేదు. నేను వింటున్నానని తెలియక అడిగింది. "నేను కన్న ఒంట్లో ఏం లోపం కనపడిందండీ, కోయించుకోవడానికి?" అమ్మకున్నది సిగ్గనీ, నలుగురేమంటారోనన్న భయమనీ అన్నాళ్ళూ అనుకున్నాను. ఈ దెబ్బ తగిలిందని నాకు తట్టనేలేదు.

మామ్మ వెంటనే అంది, "లోపమేంటమ్మా? మీరు గుడ్డ మంచిదే ఇచ్చారు. కొలత ఎవరిదో పెట్టారు. పిల్లోడు తన కొలతకి కుట్టించుకున్నాడు. గుడ్డ మీదే కదండీ." ఆగి మళ్ళీ అంది, "శనివారం ఇరవై ఒకటో రోజండి. తలకి పోస్తున్నాను. తల్లి చెయ్యి పడితే మంచిది. వస్తే రండి, రాకపోతే నేనే పోస్తాను, నాకు కొత్తేం కాదు."

శనివారం పొద్దున్నుంచీ నేను కిటికీ వదల్లేదు. మామ్మ సాంబ్రాణి, వేణ్ణీళ్ళు సిద్ధం చేసి, "పది దాటితే నేను ఆగను," అంది. పదింపావుకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అమ్మ వచ్చింది. నా వంక చూడలేదు. సంచిలోంచి గిన్నె తీసింది. బాపట్ల నుంచి కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, గిన్నెకి గుడ్డ కట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"ఇవాళ నా మోకాళ్ళు వంగడం లేదండి," అని మామ్మ బాత్రూం బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున్నే గది మొత్తం వంగి ఊడ్చిన మోకాళ్ళు అవి.

స్టూలు మీద అమ్మకి వీపు పెట్టి కూర్చున్నాను. పట్టీ నేనే విప్పుకున్నాను. అమ్మ తల మీద నీళ్ళు పోసి, కుంకుడు పులుసు పట్టించి రుద్దింది. చిన్నప్పుడు రుద్దినంత గట్టిగానే రుద్దింది. తర్వాత చేతులు ఆగిపోయాయి.

"ఇటు తిరుగు," అంది.

తిరిగాను. నా గుండె అదరడం అమ్మకి కనిపిస్తూనే ఉండాలి, దాచేందుకు ఇక అక్కడేమీ లేదు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, హోంవర్కు దిద్దేటప్పుడు చూసినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది.

"ఎడమవైపు గీత పైకి పోయింది," అంది. "అంత చదువుకుని తిన్నగా కుట్టలేడా?" తర్వాత, చాలా చిన్నగా, "నొప్పెట్టిందా?"

"లేదమ్మా."

"అబద్ధమండీ!" బయట నుంచి మామ్మ అరిచింది. "గొట్టాలు తీసిన రోజున మా అమ్మని పిలు మామ్మా అని నా కొంగు పట్టుకుని ఏడ్చాడండి! మళ్ళీ తనే వద్దన్నాడండి!"

పరువు తీసేసింది ముసలిది. అమ్మ చెంబు కింద పెట్టింది.

"ఒక్కసారి పిలిచి చూడకపోయావా?" అంది.

"వస్తావనుకోలేదు," అన్నాను.

అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. కుంకుడు పులుసు కూడా కళ్ళలోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి లేపబోతే మోచేతి దగ్గర పట్టుకుని ఆపేసింది.

"చెయ్యెత్తకు. నేను తుడుస్తాను."

తుడిచింది. ఆ చేతి నిండా కుంకుడు పులుసే. కళ్ళు భగ్గున మండిపోయాయి. ఇంకోసారి తుడవమన్నాను.